కొండ కంటే ముందు తూర్పుకి: క్యూరియాసిటీ తొలి ప్రాధాన్యాలపై కేస్ స్టడీ

మన గడియారం ప్రకారం 2012 ఆగస్టు 6 ఉదయం 11 గంటల వేళ నాసా పంపిన క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద గేల్ క్రేటర్ అనే పెద్ద గుంతలో దిగింది. ఎబర్స్‌వాల్డె, హోల్డెన్, మార్త్ వాలిస్ అనే మూడు చోట్లను పక్కన పెట్టి 154 కిలోమీటర్ల వెడల్పున్న ఈ క్రేటర్‌నే ఎంచుకోవడానికి కారణం దాని నడుమనున్న మౌంట్ షార్ప్. పొర మీద పొర పేర్చినట్టు అయిదు కిలోమీటర్ల ఎత్తున నిలిచిన కొండ అది. దిగువ పొరల్లో బంకమట్టి ఖనిజాలు, హెమటైట్, వాటి పైన సల్ఫేట్లు ఉన్నట్టు ఆర్బిటర్లు, అంటే అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు, ముందే గుర్తించాయి. రోవర్‌కు అప్పగించిన పని నేరుగా జీవాన్ని వెతకడం కాదు. ఒకప్పుడు సూక్ష్మజీవులు బతకగల పరిస్థితులు అక్కడ ఉండేవో లేదో తేల్చడం. దానికిచ్చిన గడువు ఒక అంగారక సంవత్సరం, అంటే 669 సోల్స్. సోల్ అంటే అంగారకుడి రోజు. మన రోజు కంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ.

దిగిన 11 రోజులకు, ఆగస్టు 17న, మొదటి గమ్యాన్ని ప్రకటించారు. అది కొండ కాదు. కొండకు దారి నైరుతి దిక్కున ఉంటే, రోవర్‌ను తూర్పు ఆగ్నేయంగా 400 మీటర్ల దూరంలోని గ్లెనెల్గ్ అనే చోటికి పంపాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం ఏ లెక్కల మీద నిలబడింది, ఏ లెక్క సరిపోయింది, ఏ లెక్క తప్పింది, ఆ తప్పు నుంచి తర్వాత పని తీరు ఎలా మారింది అన్నవి ఇక్కడ చూద్దాం.

చేతిలో ఉన్న సరుకు

ఏ లక్ష్యం ముందు, ఏది వెనక అని తేల్చుకునే ముందు ఖర్చయ్యేవాటి చిట్టా రాసుకోవాలి. క్యూరియాసిటీ విషయంలో ఆ చిట్టా ఇలా ఉంది.

కరెంటు: ప్లుటోనియం వేడితో నడిచే జనరేటర్ మొదట్లో 110 వాట్లు ఇచ్చేది. ఇంటి మీటరు లెక్కలో చెప్పాలంటే సోల్‌కు రెండున్నర యూనిట్లకు కొంచెం పైన. ఇందులో కంప్యూటరు, హీటర్లు, రేడియో తినగా మిగిలిందే నడకకూ పరిశోధనకూ. నడక, డ్రిల్లింగు లాంటి ఒక్కసారిగా గుంజే పనులకు లిథియం అయాన్ బ్యాటరీలు ఆసరా. అందుకే దూరం నడిచిన రోజున రసాయన ప్రయోగశాలను కూడా నడపాలంటే కుదరదు.

ఆదేశాలు: దిగిన రోజున సంకేతం భూమికి రావడానికి దాదాపు 14 నిమిషాలు పట్టింది. స్టీరింగు పట్టుకుని నడిపినట్టు నడపడం సాధ్యం కాదు. పొద్దున ఒక కట్ట ఆదేశాలు పంపితే రోవర్ పగలంతా వాటిని పాటిస్తుంది. మధ్యాహ్నం దాటాక ఆర్బిటర్ తల మీదుగా పోయేటప్పుడు ఫొటోలు, కొలతలు అందిస్తుంది. రాయికి చెయ్యి ఒక సెంటీమీటరు ఎడంగా ఆగిపోతే ఆ సోల్ పోయినట్టే. పైగా సోల్‌కూ మన రోజుకూ ఉన్న తేడా వల్ల షిఫ్టులు జరిగిపోతూ ఉంటాయి. మొదటి 90 సోల్స్ ఆపరేషన్ల బృందం అంగారక సమయంలోనే పనిచేసింది. ఆ తర్వాత భూమి పనివేళలకు మారడంతో, నిన్నటి నడక ఎక్కడ ఆగిందో తెలియకముందే రేపటి ఆదేశాలు రాయాల్సిన రోజులు వచ్చాయి. అలాంటి సోల్‌లో కొత్త నడక వేయలేం. ఉన్నచోటి నుంచే, రాళ్లను దూరం నుంచి పరీక్షించే లేజర్‌తోనో కెమెరాలతోనో సరిపెట్టుకోవాలి.

గిన్నెలు: శామ్ అనే రసాయన ప్రయోగశాలలో మొత్తం 74 చిన్న గిన్నెలు. అందులో 59 మామూలు క్వార్ట్జ్ గిన్నెలు, 6 సరిచూసుకోవడానికి పెట్టినవి, 9 మాత్రం ద్రావకం నింపి మూసినవి. ఆ తొమ్మిదింటిలో ఏడు ఒక రకం, రెండు ఇంకో రకం. ద్రావకపు గిన్నెకు ఒక్కసారి బెజ్జం పెడితే వెనక్కి లేదు. ఖనిజాలు కొలిచే కెమిన్ పరికరంలోని 27 గదులను మాత్రం దులిపి మళ్లీ వాడుకోవచ్చు. రెండూ పక్కపక్కనే ఉన్నా, రెండింటి పొదుపు సూత్రం ఒకటి కాదు.

చక్రాలు: ఆరు అల్యూమినియం చక్రాలు, ఒక్కోటి 50 సెంటీమీటర్ల వ్యాసం. నేలను పట్టుకునేందుకు చక్రం మీద ఉబ్బెత్తుగా ఉండే పట్టీల మధ్య రేకు మందం 0.75 మిల్లీమీటర్లు, ఏటీఎం కార్డు మందం. సొట్టలూ చిల్లులూ పడతాయని తెలుసు. ఎంత వేగంగా పడతాయన్న దగ్గరే అంచనా తప్పింది. ఆ సంగతి కింద వస్తుంది.

తూర్పు ఎందుకు లాగింది

దిగక ముందే శాస్త్రవేత్తలు ఆ ప్రాంతాన్నంతా కిలోమీటరుకు కొంచెం పైబడ్డ చదరాలుగా విడదీసి, ఆర్బిటర్ ఫొటోలతో చదరం చదరం మ్యాపు గీసి పెట్టుకున్నారు. ఆర్బిటర్‌లోని హైరైజ్ కెమెరా ఫొటోలో ఒక్కో చుక్క దాదాపు 25 నుంచి 30 సెంటీమీటర్ల నేల. అందులో మేజా బల్లంత రాయి కనిపిస్తుంది, ఆ రాయి పుట్టుక మాత్రం కనిపించదు.

గ్లెనెల్గ్ దగ్గర మూడు రకాల నేలలు కలుస్తున్నాయి. ఒకటి లేతరంగు పొరల రాయి, పగుళ్లతో, డ్రిల్లుకు అనువుగా. రెండోది చిన్న చిన్న గుంతలు ఎక్కువగా ఉన్న నేల. గుంతలు ఎక్కువంటే నేల పాతదైనా కావాలి, గట్టిదైనా కావాలి. మూడోది రోవర్ దిగిన చోటి నేలలాంటిదే. ఒక్క ప్రయాణంతో మూడు ప్రశ్నలు అందుబాటులోకి వస్తున్నాయన్నమాట.

అసలు బరువు మాత్రం మొదటి నేలదే. క్రేటర్ అంచు నుంచి పీస్ వాలిస్ అనే పాత వాగు దిగి వచ్చి, విసనకర్ర విప్పినట్టు ఒండ్రు పరిచింది. ఆ ఒండ్రు కొసకు ఆవల, పల్లంలో ఉంది ఈ లేత రాయి. రెండో ఆధారం దాని రాత్రి వేడి. ఎండాకాలం పొద్దుపోయాక మన ఊళ్లో ఇసుక త్వరగా చల్లబడుతుంది, రాతి బండ మాత్రం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. ఆర్బిటర్ థర్మల్ కెమెరాలో ఈ చోటు బండలాగే వెచ్చగా కనబడింది. అంటే అది వదులు దుమ్ము కాదు, గట్టిగా అతుక్కున్న రాయి. అయితే గట్టి రాయి లావా కూడా కావచ్చు. ఈ కొలత ఆ రెండింటినీ విడదీయలేదు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. కొండ అడుగున బంకమట్టి ఉన్నట్టు వర్ణపటంలో కనిపించింది. ఈ తూర్పు పల్లంలో మాత్రం అలాంటి జాడ ఆర్బిటర్‌కు చిక్కలేదు. ఖనిజ పటం ఒక్కదాన్నే నమ్మి ర్యాంకులు వేసి ఉంటే ఈ చోటు అడుగున పడేది. దీన్ని పైకి తెచ్చింది నేల రూపం: వాగు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది, నీళ్లు ఎటు చేరి ఉంటాయి అన్న ఆలోచన. చెరువు అడుగు ఎక్కడుంటుందో పల్లం చూసి చెప్పే రైతు లెక్క ఇది.

ఖర్చు వైపు చూస్తే 400 మీటర్లు. కొండకు ఎనిమిది కిలోమీటర్లు. ముందు కొండకు వెళ్లి, తర్వాత ఇక్కడికి తిరిగి రావడం జరిగే పని కాదు. వదిలేస్తే ఎప్పటికీ వదిలేసినట్టే. రోవర్ పరికరాలన్నిటినీ ఒకసారి ఆడించి చూడాల్సిన పని ఎలాగూ ఉంది. దాన్ని ఈ దారిలోనే ముగించవచ్చు. ఈ మూడూ కలిపి చూస్తే, 2012 ఆగస్టులో చేతిలో ఉన్న సమాచారంతో అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. ఫలితం బాగా వచ్చింది కాబట్టి అంటున్న మాట కాదు. అక్కడ లావా తేలినా పోయేది కొన్ని వారాలే, మిషన్ కాదు.

అనుకున్న సోల్స్, పట్టిన సోల్స్

దారిలోనే సెప్టెంబర్‌లో హొట్టా, లింక్ అనే రాతి బయళ్లలో గుండ్రని గులకరాళ్లు సిమెంటులో అతుక్కున్నట్టు కనబడ్డాయి. గాలి అంత పెద్ద గులకలను మోయలేదు. చీలమండ లోతు నుంచి నడుము లోతు దాకా నీళ్లు పారి ఉండాలని లెక్కగట్టారు. ఒండ్రు ఊహకు నేల మీద దొరికిన తొలి సాక్ష్యం అది.

తర్వాత రాక్‌నెస్ట్ అనే ఇసుక మేట దగ్గర అక్టోబర్ మొదటి వారం నుంచి నవంబర్ మధ్య దాకా ఆగారు. తీసిన అయిదు పారల ఇసుకలో మొదటివి లోపలి జల్లెడలు, గదులు తోమడానికే పోయాయి. కొత్త గిన్నెను వాడే ముందు బూడిదతో తోమినట్టే: భూమి నుంచి వెంట వచ్చిన జిడ్డు పొర పోకపోతే, తర్వాత కొలిచేది అంగారకుడినో మన ఫ్యాక్టరీనో తెలియదు. దీన్ని తప్పించుకునే దారి లేదు. ప్రణాళికలో ఇలాంటి పనికి విడిగా సోల్స్ రాసుకోకపోతే మొత్తం క్యాలెండరే అబద్ధమవుతుంది.

డిసెంబర్‌లో రోవర్ దిగిన చోటి కంటే దాదాపు 18 మీటర్ల పల్లానికి, ఎల్లోనైఫ్ బే అనే చోటికి దిగింది. అడుగున షీప్‌బెడ్ అని పేరు పెట్టిన నున్నటి రాయి. 2013 ఫిబ్రవరి 8న, 182వ సోల్‌లో, జాన్ క్లైన్ అనే చోట 1.6 సెంటీమీటర్ల వెడల్పు, 6.4 సెంటీమీటర్ల లోతుతో బెజ్జం వేశారు. ఇంకో గ్రహం మీద రోవర్ రాతిలోకి తొలిచి లోపలి పొడి తీయడం అదే మొదలు. పైన ఎర్రటి దుమ్ము, లోపల బూడిద రంగు పొడి. ఆ రంగే సగం సమాధానం, ఎందుకంటే లోపలి ఇనుము పూర్తిగా తుప్పు పట్టలేదు. కెమిన్ లెక్కలో బంకమట్టి ఖనిజాలు దాదాపు 20 శాతం. గంధకం, నత్రజని, హైడ్రోజన్, ఆక్సిజన్, భాస్వరం, కార్బన్ అన్నీ ఉన్నాయి. మార్చి 12న నాసా ప్రకటించింది: ఒకప్పుడు సూక్ష్మజీవులు బతకడానికి తగిన చోటే ఇది. రెండేళ్లకు పెట్టుకున్న ప్రధాన ప్రశ్నకు ఏడు నెలల్లో జవాబు.

సోల్స్ లెక్క మాత్రం బాగా దాటింది. ఫిబ్రవరి చివర ప్రధాన కంప్యూటరు మెమొరీలో లోపం వచ్చి రెండో కంప్యూటరుకు మారాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో సూర్యుడు భూమికీ అంగారకుడికీ మధ్యకు రావడంతో దాదాపు నాలుగు వారాలు ఆదేశాలే పంపలేదు. రెండో బెజ్జం కంబర్లాండ్ మే 19న, 279వ సోల్‌లో పడింది. రెండు బెజ్జాల మధ్య దూరం మూడు మీటర్లు కూడా లేదు. మధ్యలో గడిచినవి 97 సోల్స్. జులై 4న కొండ వైపు బయలుదేరేసరికి 324వ సోల్. గడువులో దాదాపు సగం అయిపోయింది, ఓడోమీటరులో ఇంకా కిలోమీటరు కూడా నిండలేదు.

ఈ ఆలస్యంలో సూర్యుడు అడ్డు రావడం ముందే తెలిసినదే, పంచాంగంలో ఉన్నదే. మెమొరీ లోపం తెలియనిది. ఇలాంటి పట్టికలు వేసేవాళ్లు రెండింటినీ ఒకే "అదనపు సమయం" గడిలో కలిపేస్తుంటారు. కలపకూడదు. తెలిసిన విరామాన్ని తేదీతో రాయాలి, దానికి ముందు ఏ నమూనా లోపలికి చేరిపోవాలో నిర్ణయించాలి. తెలియనిదానికి మాత్రమే వదులు పెట్టుకోవాలి.

మూడు మీటర్ల పక్కన రెండో బెజ్జం దేనికి

ఆ దశలో గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది. పక్కనే ఇంకో బెజ్జం వేసే బదులు కొండకు బయలుదేరవచ్చు కదా? రెండో దానికి బలమైన కారణాలే ఉన్నాయి. ఒకే పొడితో వచ్చిన ఫలితం రాయిదో, డ్రిల్లు లోపల మిగిలిన మురికిదో విడదీయడం కష్టం. జాన్ క్లైన్‌లో తెల్లటి కాల్షియం సల్ఫేట్ ఈనెలు ఎక్కువ, కంబర్లాండ్‌లో అవి తక్కువ, గట్టి గుళికలు ఎక్కువ. ఒకే రాయిలో రెండు రకాల చరిత్రలు పక్కపక్కనే దొరికాయి.

లాభం అనుకున్నదాని కంటే పెద్దదయింది. కంబర్లాండ్ పొడితో రాయి వయసు కొలిచారు: 421 కోట్ల ఏళ్లు, 35 కోట్లు అటూ ఇటూ. ఇంకో గ్రహం మీద రాయి వయసును అక్కడే కొలవడం అదే మొదటిసారి. దాంతోపాటు ఆ రాయి పైభాగం ఆకాశానికి తెరుచుకుని ఎన్నేళ్లయిందో కూడా తేలింది: దాదాపు 7.8 కోట్ల ఏళ్లు, 3 కోట్లు అటూ ఇటూ. రాయి వయసుతో పోల్చితే ఇది నిన్న మొన్నటి సంగతి. పక్కన ఉన్న చిన్న గట్టును గాలి పక్కనుంచి కోసుకుంటూ వెనక్కి నెట్టింది. ఆ గట్టు కిందినుంచి ఈ రాయి బయటపడింది.

ప్రాధాన్యాల పట్టికలో దీనితో ఒక కొత్త నిలువు వరస చేరింది. కాస్మిక్ కిరణాలు పైనున్న ఒకటి రెండు మీటర్ల రాతిలో సేంద్రియ అణువులను కోట్ల ఏళ్లలో చెడగొడతాయి. డ్రిల్లు దిగేది ఆరు సెంటీమీటర్లే. కాబట్టి లోతు కోసం ఆశపడే బదులు, గట్టు అంచుకు ఎంత దగ్గరగా తొలిస్తే రాయి అంత తాజాగా ఉంటుంది. అప్పటినుంచి లక్ష్యాన్ని చూసేటప్పుడు ఖనిజం, పొర, వాలుతో పాటు "గట్టు ఎటు వెనక్కి జరుగుతోంది, గాలి ఎటునుంచి" అన్నది కూడా అడుగుతున్నారు. ఆ కంబర్లాండ్ పొడిలోనే తర్వాత క్లోరోబెంజీన్ అనే సేంద్రియ అణువు దొరికింది. 2025లో డెకేన్, అన్‌డెకేన్, డోడెకేన్ అనే పొడవాటి కార్బన్ గొలుసుల జాడను ప్రకటించారు.

లెక్క తప్పిన చోటు: చక్రాలు

బయలుదేరాక నడక వేగం పెరిగింది. సెప్టెంబర్‌లో ఒక్క సోల్‌లోనే 140 మీటర్లు దాటిన నడకా ఉంది. 2013 చివరికి చక్రాల ఫొటోల్లో చిల్లులు, చీలికలు అనుకున్నదాని కంటే చాలా వేగంగా పెరుగుతున్నట్టు తేలింది.

కారణం రాళ్ల పరిమాణం కాదు, అవి నాటుకున్న తీరు. గాలి ఇసుకతో కోసి మొన తేల్చిన రాళ్లు నేలలో బిగుసుకుని ఉన్నాయి. వదులు రాయి అయితే చక్రం ఎక్కినప్పుడు దొర్లుతుంది. ఇది దొర్లదు, మేకులా నిలబడుతుంది. దీనికితోడు వెనక చక్రాలు ముందు, మధ్య చక్రాలను రాయి మీదికి నెడతాయి. రోవర్ బరువులో దాని వంతుకు మించిన ఒత్తిడి ఆ మొన మీద పడుతుంది. ఆర్బిటర్ ఫొటోలో ఈ నేల చదునుగా, నడకకు సుఖంగా కనిపించింది. చక్రాన్ని చీల్చే మొన ఫొటోలో ఒక్క చుక్క కంటే చిన్నది.

దీని తర్వాత దారి ఎంచే పద్ధతే మారిపోయింది. వాలు, దూరం చూసే బదులు నేల రకాన్ని బట్టి మ్యాపును రంగులుగా విడదీశారు. కొన్నిచోట్ల వెనక్కి నడిపారు, ఎందుకంటే అప్పుడు ముందు చక్రాలను నెట్టే బదులు లాగుతున్నట్టవుతుంది. చక్రాలకు వరుసగా ఫొటోలు తీసే పని ప్రణాళికలో స్థిరపడింది. 2014 ఫిబ్రవరిలో డింగో గ్యాప్ దగ్గర ఒక మీటరు ఎత్తు ఇసుక దిబ్బను దాటింది కూడా మెత్తటి లోయలోకి దిగడానికే. 2017లో చక్రాల వేగాన్ని రాయిని బట్టి సర్దే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. భూమి మీద పరీక్షల్లో తేలిన గుర్తు: ఒక చక్రానికి మూడు పట్టీలు విరిగితే దాని ఆయుష్షు 60 శాతం అయిపోయినట్టు. అప్పుడు మిగిలిన దూరం కూడా గిన్నెల్లాగే లెక్కబెట్టే సరుకయింది. పర్సెవరెన్స్ రోవర్ చక్రాలను మందం పెంచి, పట్టీల ఆకారం మార్చి చేయడానికి ఈ అనుభవమే కారణం.

మెత్తటి దారికీ దాని ప్రమాదం దానికి ఉంది. 2014 ఆగస్టులో హిడెన్ వ్యాలీ ఇసుకలో చక్రాలు అనుకున్నదాని కంటే ఎక్కువ జారడంతో వెనక్కి తిప్పారు. పక్కనే బొనాంజా కింగ్ అనే రాయిని తొలవబోతే డ్రిల్లు దెబ్బలకు రాయే కదిలింది, వదిలేశారు. రాతి మొనల నేల, ఇసుక, రెండింటి మధ్య ఉన్న సన్నటి దారినే నేల మ్యాపు వెతికి చూపాల్సి వచ్చింది.

నడక ఎక్కువ, నమూనాలు తక్కువ

2014 జూన్‌లో గడువు పూర్తయింది. రోవర్ ఇంకా కొండ అడుగుకు చేరలేదు, సెప్టెంబర్‌లో చేరింది. తూర్పు మలుపు లేకపోతే, గడువు ముగిసేలోపు ప్రధాన ప్రశ్నకు జవాబు చేతిలో ఉండేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు.

ఆ ఏడాదే నాసా సీనియర్ రివ్యూ, అంటే గడువు దాటిన మిషన్లను కొనసాగించాలా అని చూసే నిపుణుల సమీక్ష, పొడిగించిన రెండేళ్ల ప్రణాళికను తప్పుబట్టింది. ఎనిమిది నమూనాలే తీస్తామంటే ఇంత పెద్ద పెట్టుబడికి అది చాలదని, నడక తగ్గించి నమూనాలు పెంచమని సూచించింది. ఆ విమర్శ సబబే. కిలోమీటర్లు కనపడే ప్రగతి, అందుకే అవి ప్రణాళికను తమవైపు లాగుతాయి.

కొండ అడుగున పారంప్ హిల్స్‌లో పని జరిగిన తీరు నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే ఉపయోగపడేది. దాదాపు 13 మీటర్ల మందమున్న పొరల మీద మూడు చుట్లు తిరిగారు. మొదటి చుట్టులో అడుగు నుంచి పైదాకా కెమెరాలు, లేజరు మాత్రమే. ఆ ఫొటోలు పెట్టుకుని తక్కువ చోట్లు ఎంచారు. రెండో చుట్టులో వాటి దగ్గర ఆగి చెయ్యి ఆనించి రసాయనం కొలిచారు. మూడో చుట్టులోనే డ్రిల్లు. కాన్ఫిడెన్స్ హిల్స్ అనే మొదటి బెజ్జం మాత్రం చేరగానే 2014 సెప్టెంబర్ 24న వేశారు, అడుగు పొర ఏమిటో తెలియాలి కాబట్టి. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరింది కూడా ఆ వారంలోనే. మోహావె దగ్గర చిన్న పరీక్ష బెజ్జానికే రాయి పలక విరిగింది. పక్కకు జరిగి, తక్కువ దెబ్బలతో తొలిచే కొత్త విధానంతో మోహావె 2 సాధించారు.

ఒకే దారిలో మూడుసార్లు నడవడం వృథాగా కనిపిస్తుంది. లెక్కవేస్తే అలా కాదు. ఒక డ్రిల్లు పనికి, పొడి లోపలికి చేరి విశ్లేషణ అయ్యేదాకా, వారం నుంచి రెండు వారాలు పోతాయి. 13 మీటర్ల గట్టు మీద చూసుకుంటూ తిరగడానికి పట్టే సోల్స్ ఒక తప్పుడు బెజ్జం ఖర్చు కంటే చాలా ఎక్కువ కావు. పైగా ఆ తిరుగుడు, తప్పును ముందే ఆపుతుంది.

పట్టిక వేసేవాళ్లకు

కాలేజీ రోవర్ బృందమైనా, నిజమైన మిషనైనా, ఒక్కో లక్ష్యానికి ఒక అడ్డ వరస రాస్తే అందులో ఇవి ఉండాలి: ఏ ప్రశ్నకు జవాబు, అవునని తేలితే తర్వాతి అడుగు ఏమిటి, కాదని తేలితే ఏమిటి. రెండు జవాబులకూ తర్వాతి అడుగు ఒకటే అయితే ఆ లక్ష్యం కింద పడాలి. ఆ తర్వాత సోల్స్, యూనిట్లు, నేల రకాల వారీగా మీటర్లు, తిరిగి రాగలమా లేదా. చివరగా "ఎప్పుడు వదిలేస్తాం" అన్న షరతు, వెళ్లక ముందే రాయాలి. రాయి ముందు నిలబడ్డాక అది రాయడానికి ఎవరికీ మనసు రాదు. వీటన్నిటినీ మార్కులుగా మార్చి కూడితే, చక్రాలను చీల్చే దారికి శాస్త్రం మార్కులు పరిహారం అయిపోతాయి. అందుకే ప్రమాదపు గడిని కూడకండి. దానికి ఒక గీత పెట్టి, గీత దాటినదాన్ని తీసేయండి.

తిరిగి దొరకని సరుకుకు ఇంకో గడి కావాలి. శామ్‌లో రెండే ఉన్న ఆ రకం ద్రావకపు గిన్నెలను 2012 నుంచి ముట్టుకోలేదు. ఎల్లోనైఫ్ బే దగ్గర బంకమట్టి దొరికినప్పుడు కూడా తెరవలేదు. కొండ మీద బంకమట్టి పొర అయిన గ్లెన్ టొరిడన్ చేరి, అక్కడి రాళ్లను ఒకటికి రెండుసార్లు కొలిచి చూశాక, 2020లో మేరీ ఆనింగ్ అనే చోట తీసిన పొడి మీద మొదటిది వాడారు.